పగిలిన గాజుకు ఒక నిమిషం మౌనం

"అకాల మరణం. రెండువందల యాభై మిల్లీలీటర్ల ఫ్లాస్కు, వయసు నాలుగు నెలలు, మంగళవారం ఉదయం పదిన్నరకు కుళాయి మూతి తగిలి కన్నుమూసింది. బతికినన్నాళ్ళూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. వేడినీళ్ళనూ చన్నీళ్ళనూ ఒకే మనసుతో భరించింది. శోకతప్త హృదయాలతో: రబ్బరు మూత, ఇనుప స్టాండు."

మా ప్రయోగశాలలో గాజుసామాను కడిగే సింకు పైన, తెల్ల పలకల గోడ మీద ఇలాంటి చీటీలు వరుసగా అంటించి ఉంటాయి. పనికిరాని కాగితాల వెనక వైపున, పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలతో రాసినవి. సిరాతో రాస్తే నీళ్ళు చింది కరిగిపోతుంది కాబట్టి పెన్సిలు. రాసేది సింకు పిన్ని. ఆమె నాకు పిన్ని కాదు, ఎవరికీ కాదు. అయినా పెద్ద సారు తప్ప ఆ భవనంలో అందరూ ఆమెను పిన్ని అనే పిలుస్తారు.

ఊరి కుళాయిల్లోకి వెళ్ళే నీళ్ళు తాగడానికి పనికొస్తాయో లేదో తేల్చడం మా పని. పొద్దున్నే సీసాల్లో నీళ్ళు వస్తాయి, మధ్యాహ్నానికల్లా అంకెలు వెళ్ళిపోవాలి. అంకె తప్పితే మంచినీళ్ళు ఆపేస్తాం, లేదా చెడ్డనీళ్ళు వదిలేస్తాం. ఆలస్యమైతే ఫోన్లు మోగుతాయి. మేం వాడే ప్రతి గాజు పాత్రా ముందు పిన్ని చేతుల మీదుగా రావాలి. పాత్ర లోపలి గోడకు సబ్బు చుక్క అంటుకుని ఉన్నా మా అంకె అబద్ధం చెబుతుంది. ఆమె కడిగింది మాత్రం ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

నాకు కూతురు పుట్టాక రెండు వారాలు సెలవు పెట్టి తిరిగి వచ్చిన రోజున, నిద్ర కళ్ళతో ఒక పిపెట్‌ను, నీళ్ళు కొలిచే సన్నటి గాజు గొట్టాన్ని, విరగ్గొట్టాను. చుట్టూ చూశాను. ఎవరూ లేరనుకుని రెండు ముక్కలనూ కోటు జేబులో వేసుకున్నాను.

"ఏమోయ్ బాలింతా, జేబులో ఏంటి? పాలసీసానా?"

వెనక సింకు దగ్గర పిన్ని. మోచేతుల దాకా నురగ.

"ఏం లేదు పిన్నీ."

"ఏం లేకపోతే గలగలమంటుందేం? తియ్యి బయటికి. శవాన్ని జేబులో పెట్టుకు తిరుగుతావా, పాపం కదూ?"

ఆమె ఒక్క కేక వేస్తే పక్క గదిలోంచి క్లోరిన్ అన్న, స్టోరులోంచి తాళాల తమ్ముడు వచ్చి నిలబడ్డారు. క్లోరిన్ అన్న నీళ్ళలో క్లోరిన్ కొలిచే మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. తాళాల తమ్ముడు స్టోరు గుమాస్తా. యాభై ఐదేళ్ళు దాటినా, పిన్నిని అక్కా అంటాడు కాబట్టి అందరికీ తమ్ముడే. నియమాలు నాకు అప్పుడే చెప్పారు. పగలగొట్టినవాడు ముక్కలు తెచ్చి సింకు గట్టు మీద పెట్టాలి. సంతాపం ఇంకొకరు రాయాలి, ఎవరిది వాళ్ళు రాసుకోకూడదు. చదివాక ఒక నిమిషం మౌనం. ఆ నిమిషంలో ముందు ఎవరు నవ్వితే వాళ్ళు తలుపు దగ్గరున్న పగుళ్ళ డబ్బాను పెరట్లోకి మోసుకెళ్ళి ఖాళీ చేయాలి. రెండు చెవుల ఇనుప డబ్బా అది, నిండితే మహా బరువు.

ఆ రోజు నా పిపెట్‌కు పిన్ని రాసిన చీటీలో చివరి వాక్యం ఇది: "హంతకుడు కొత్తగా బాలింత, రాత్రుళ్ళు నిద్ర లేదు, కనుక కోర్టువారు దయతలచాలి." ఇరవై సెకన్లకే నవ్వేశాను. డబ్బా మోశాను. రెండు వారాల్లో అదే నా మొదటి నవ్వని పెరట్లోకి వెళ్ళాక గుర్తొచ్చింది. ఆనాటి నుంచి ఆ భవనంలో నా పేరు బాలింత. మా ఆవిడకు చెబితే, "కన్నది నేను, పేరు నీకా?" అంది.

ఆ ఆచారం వేళాకోళంగా పుట్టింది కాదని తరవాత తెలిసింది. పిన్ని కుడి బొటనవేలి మొదట్లో తెల్లటి మచ్చ ఉంది. ఇరవై ఏళ్ళ కిందట ఎవరో పగిలిన బీకరును నురగ నీళ్ళలో మునిగేలా పెట్టి జారుకున్నారట. అప్పట్లో గాజు పగిలితే రెండు పేజీల సంజాయిషీ రాయాలి. ఆ కాగితానికి భయపడి అందరూ ముక్కల్ని ఎక్కడ పడితే అక్కడ దాచేవాళ్ళు. ఆ ముక్కలు చివరికి చేరేది పిన్ని చేతికే. ఆరు కుట్లు పడ్డాయి.

"మరి కోపం రాలేదా?" అని అడిగాను ఒకసారి.

"ఎందుకు రాదు? ఆ వెధవెవడో దొరికితే అదే సింకులో ముంచుదామనుకున్నా. వారం రోజులు అందరి మొహాలూ చూశా. అందరూ భయంగానే ఉన్నారు. ఎంతమందిని ముంచను? నీళ్ళు చాలవు. అందుకని ఆ తరవాత ఏది పగిలినా, వాళ్ళ సంజాయిషీ కంటే ముందు సంతాపం చీటీ నేనే రాసి అంటించా."

నేను చదువుకున్నది రసాయనశాస్త్రం. కథ నమ్మను, లెక్క చూడాలి. తాళాల తమ్ముడి దగ్గర పాత రిజిస్టర్లు అడిగి చూశాను. ఆ చీటీలు మొదలు కాకముందు ఏడాదిలో పగిలాయని ఒప్పుకున్నవి పదకొండు, లెక్కకు రాకుండా మాయమైనవి యాభై. మొదలయ్యాక ఏడాదిలో పగిలినవి అరవై రెండు, మాయమైనవి సున్నా. చేతులు తెగడం ఆగిపోయింది. ఈ మాట పిన్నికి చెబితే, "అంత చదువు చదివి ఇదా కనిపెట్టావ్?" అని ఫ్లాస్కును దీపానికి అడ్డంపెట్టి చూసుకుంది.

ఆమె ఇల్లు ఒకటిన్నర గది. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. మంచం దిగలేని అత్తగారు ఉంది. పొద్దున్నే ఆవిడకు స్నానం చేయించి, తల దువ్వి, తినిపించి, పక్కింటావిడకు అప్పగించి ఎనిమిదింటికల్లా సింకు దగ్గరుంటుంది. "మా అత్తగారే నేను కడిగిన మొదటి గాజుబొమ్మ. రోజూ కడుగుతున్నా, ఇంకా పగల్లేదు. నన్ను తిట్టేటప్పుడు మాత్రం భలే గట్టి గాజు" అంటుంది.

పాప ఏడో నెలలో, ఒకరోజు శిశుసంరక్షణ కేంద్రం నుంచి ఫోను. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది, నూటొకటి. గంటలో నేను నాలుగుసార్లు తిరిగి ఫోను చేశాను. ఐదోసారి చేయబోతుంటే పిన్ని నా ఫోను లాక్కుంది.

"పాపకి నూటొకటి, నీకు నూటారు. ముందెవరికి మందు వెయ్యాలి?"

"అది కాదు పిన్నీ, పట్టికలో చూస్తే పొద్దున పాలు కూడా తక్కువే తాగింది..."

నేను పాప తాగిన పాలూ, నిద్రా, ఒంటి వేడీ గంటగంటకూ గీసిన పట్టిక ఒకటి కోటు జేబులో ఉంటుంది. ఆమె చేయి తుడుచుకుని, అది తీసి నా చేతికిచ్చి, వార్తలు చదివే గొంతుతో చదవమంది. చదివాను. "ఆరున్నరకు అరవై మిల్లీలీటర్లు. ఇందులో ఇరవై నాన్న చొక్కా మీద పడ్డాయని విశ్వసనీయ వర్గాల భోగట్టా" అని ఆమె మధ్యలో కలుపుతూ పోయింది. ముగిసేసరికి నా ఊపిరి మామూలుగా ఆడుతోంది. "ఇప్పుడెళ్ళు. ఇందాకటి మొహంతో వెళ్తే వాళ్ళు మందు నీకే పోసేవాళ్ళు" అంది.

చలికాలం మొదట్లో ఆమెలో చిన్న మార్పులు కనిపించాయి. సింకు అడుగున తడి తువ్వాలు మడిచి పరుస్తోంది. పొడుగు గొట్టాలను రెండు చేతులతో పట్టుకుంటోంది. ఒకరోజు కొలజాడీ అందించేటప్పుడు అది నా ఉంగరానికి తగిలి సన్నగా టకటకమంది. ఆమె వెంటనే, "నా చేతికి ఎప్పుడూ ఎవరో ఒకరు ఫోను చేస్తుంటారులే, మోగకుండా వణికేట్టు పెట్టుకున్నా" అంది. అందరం నవ్వాం. నేను ఆ వణుకును సెకనుకు ఎన్నిసార్లని మనసులో లెక్కేశాను, పైకి ఏమీ అనలేదు.

ఆ నెలలోనే పెద్ద సారు నోటీసు పెట్టించారు. వచ్చే నెల అందరికీ ఆరోగ్య పరీక్ష. చేస్తున్న పనికి తగరని తేలినవారిని కింది అంతస్తు రికార్డు గదికి మారుస్తారు. రికార్డు గదిలో కిటికీ లేదు, మనుషుల్లేరు, ముప్ఫై ఏళ్ళ ఫైళ్ళున్నాయి. పిన్ని నోటీసు చదివి, "కాగితాలకి జోకు చెబితే నవ్వుతాయా?" అంది. ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వించాలని అన్నట్టు లేదు.

తరవాతి శుక్రవారం మధ్యాహ్నం భోజనం ముగించి వచ్చి చూసుకుంటే జేబులో పాప పట్టిక లేదు. పొద్దున పనికిరాని కాగితాలతో పాటు పారేసినట్టున్నాను. సింకు పక్కనున్న కాగితాల బుట్టలో చేయి పెట్టి వెతికాను. అడుగున తడి తువ్వాలు తగిలింది. లాగాను. వేలు చురుక్కుమంది.

తువ్వాలులో గాజు. మూరెడు పైన పొడవుండే గొట్టం, లోపల మెలికల గొట్టంతో సహా ముక్కలు ముక్కలుగా. మేం పెద్దాయన అని పిలిచే కండెన్సరు అది. నీటి ఆవిరిని చల్లార్చి బొట్లు బొట్లుగా దింపే పరికరం. అంత పెద్దది మా దగ్గర అదొక్కటే. గోడ మీద చూశాను. కొత్త చీటీ లేదు.

పిన్ని నా చేతి మీది రక్తం చూసింది.

"ఎక్కడ కోసుకున్నావ్?"

"బుట్టలో."

ఆమె చేతిలోది గట్టు మీద పెట్టేసింది. నా వేలిని కుళాయి కింద పెట్టింది. నీళ్ళ హోరు మధ్య ఆమె వేళ్ళు నా వేలి మీద వణుకుతూనే ఉన్నాయి. గుడ్డ చుట్టి ముడి వేయడానికి మూడుసార్లు ప్రయత్నించి, చివరికి, "నువ్వే వేసుకో" అంది.

నేను ఏదో ఒక జోకు వేయాలి. ఆమె అయితే ఈపాటికి నాలుగు వేసేది. నాకు ఒక్కటీ తోచలేదు.

"ఎవరికీ చెప్పకు నాయనా," అంది కుళాయి కట్టేస్తూ. "చెబితే నన్ను కిందికి పంపిస్తారు. ఇంట్లో ఆవిడకి చెవులు వినపడవు. అక్కడ ఫైళ్ళకి అసలు లేవు. నేనెవరితో మాట్లాడను?"

చెప్పనన్నాను.

శని, ఆదివారాలు ఆ మాటే బుర్రలో తిరిగింది. పాప అప్పుడప్పుడే నిలబడుతోంది. రెండడుగులు వేసి కూలబడుతుంది. పడ్డ ప్రతిసారీ ముందు ఏడవదు, తలెత్తి నా మొహం చూస్తుంది, అప్పుడు ఏడుస్తుంది. మూడోసారి మా ఆవిడ వంటగదిలోంచి, "నీ మొహం గోడవైపు తిప్పుకో, పిల్ల నీ మొహం చూసి జడుసుకుంటోంది" అని అరిచింది. తిప్పుకున్నాను. పాప పడింది, కాసేపు కూర్చుంది, లేచింది. గోడవైపు తిరిగి ఉన్న నాకు ముక్కల్ని తువ్వాలులో చుడుతున్న పిన్ని కనిపించింది. ఆ క్షణంలో ఆమె తలెత్తి చూస్తే కనపడడానికి ఒక్క మొహమైనా లేదు.

సోమవారం పదింటికి తాళాల తమ్ముడు స్టోరు జాబితా పట్టుకుని వచ్చాడు. "పెద్దాయనేడి? అలమరలో లేడు, స్టాండు మీద లేడు. లేచి వెళ్ళిపోయాడా?"

క్లోరిన్ అన్న తల అడ్డంగా ఊపాడు. తాళాల తమ్ముడి చూపు నా వేలి కట్టు మీద పడింది. "ఓహో! బాలింతా, మళ్ళీ నువ్వేనా? అడుగుతుంటే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేంటి?"

నేను అవునందామని నోరు తెరిచాను. తేలికైన పని. నేను పగలగొట్టినవి అప్పటికి తొమ్మిది. పదోదని రాసేస్తారు, డబ్బా మోస్తాను, అయిపోతుంది.

"వాడు కాదు."

పిన్ని ఇటు తిరిగింది. నురగ చేతులు ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడింది.

"నేను. శుక్రవారం. చేయి వణికి జారింది. దాచాను. ఆ వేలు నేను కోసిందే."

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆమె చేతిలో ఒక్కటీ పగల్లేదు. కాబట్టి ఆమె కోసం సంతాపం రాయాల్సిన అవసరం ఎవరికీ ఎప్పుడూ రాలేదు. పెన్సిలు సింకు గట్టు మీదే ఉంది. తన పగులుకు తను రాసుకోకూడదు. తాళాల తమ్ముడు జాబితాలోకి చూశాడు. క్లోరిన్ అన్న చెప్పుల్లోకి చూశాడు. ఆమె మా ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది.

పెన్సిలు తీశాను. నాకు హాస్యం రాయడం రాదు. నివేదిక రాయడం వచ్చు. అదే రాసి, గొంతు సవరించుకుని చదివాను.

"మృతుడు: పెద్దాయన. వయసు పద్నాలుగేళ్ళు. పొడవు అరవై సెంటీమీటర్లు. పడిన ఎత్తు తొంభై సెంటీమీటర్లు. నేల గట్టిది. మృతదేహాన్ని తువ్వాలులో చుట్టి దాచారు. దాచినవారికి ఇది మొదటి నేరం, పని చూస్తే బొత్తిగా అనుభవం లేదని తెలుస్తోంది. ఒక వేలికి గాయం. ఆ వేలు ఎలాగూ పనిచేయదని సహోద్యోగుల ఏకగ్రీవ అభిప్రాయం. పరిశీలన: నిందితురాలు రోజుకు నూట ఇరవై చొప్పున, ఏడాదికి మూడువందల రోజులు, ముప్ఫై ఒక్క ఏళ్ళలో కడిగినవి పదకొండు లక్షల పదహారు వేలు. పగిలింది ఒకటి. పది లక్షల్లో ఒక వంతుకన్నా తక్కువ. ఇంత శుభ్రమైన ఫలితం ఈ ప్రయోగశాలలో ఇంతవరకూ ఏ నీటికీ రాలేదు. ముగింపు: ఒక్క కొలతతో ఏమీ తేలదు."

మౌనం మొదలైంది. తలుపు దగ్గర ఏదో కదిలితే చూశాను. పెద్ద సారు. ఎప్పుడొచ్చారో తెలియదు. ఆయన ఆ గోడ గురించి ఎన్నడూ మంచీ చెడూ అన్నది లేదు. నిమిషం నడుస్తోంది కాబట్టి ఎవరం పలకరించలేదు. ఆయనా చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డారు.

పిన్ని గడ్డం అదిరింది. ఏడుస్తుందనుకున్నాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి కూడా. కానీ బయటికొచ్చింది ముక్కుతో వచ్చే నవ్వు, పట్టుకుంటే ఆగనిది.

"పదికి నాలుగు," అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

"నాలుగేనా పిన్నీ?"

"ఏడుపు తక్కువ, అంకెలెక్కువ. అయినా ముందు నవ్వింది నేను. జరగండి."

మేం వద్దనేలోపే వెళ్ళి పగుళ్ళ డబ్బాకు రెండు చెవులూ పట్టుకుని ఎత్తింది. డబ్బా నిండా గాజు. ఆమె చేతుల్లోని వణుకంతా అందులోకి దిగి గలగల గలగల మోగింది. ఇన్నాళ్ళూ తువ్వాళ్ళ మీద, నురగలో దాచుకున్నదంతా గది నిండా వినిపించింది. పెద్ద సారుకూ వినిపించింది. ఆమె ఆగింది. మమ్మల్ని చూసింది.

"విన్నారుగా? నాకే ఫోను."

తాళాల తమ్ముడు జాబితా బల్ల మీద పడేసి వెళ్ళి ఒక చెవి పట్టుకున్నాడు. "నువ్వు మాట్లాడుకో అక్కా, డబ్బా నేను పట్టుకుంటా."

ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. మలుపు తిరిగేదాకా ఆ గలగల, దాని మీద వాళ్ళ పోట్లాట వినిపించాయి. ఎవరు ఎక్కువ బరువు మోస్తున్నారన్నది పోట్లాట.

మధ్యాహ్నం పెద్ద సారు ఆమెను పిలిపించారు. పావుగంట తరవాత వచ్చి చేతులకు మళ్ళీ సబ్బు పట్టించింది. మేం ముగ్గురం చుట్టూ చేరాం.

"ఏమన్నారు?"

"కూర్చుని కడగగలవా అన్నారు."

"మీరేమన్నారు?"

"కూర్చుని ఏ పనైనా చేయొచ్చు సారూ, మీరు చేయట్లేదూ అన్నా."

"అమ్మో! దానికాయన?"

"ఏముంది, ఒక నిమిషం మౌనం పాటించారు."

మరునాడు సింకు దగ్గరికి ఎత్తు స్టూలు వచ్చింది. తరవాతి నెల పరీక్షలో డాక్టరు వణుకు ఉందనే రాశాడు, మాత్రలూ ఇచ్చాడు. అవి వేసుకున్నా వణుకు పూర్తిగా పోలేదు. పెద్ద సారు ఆ కాగితం కిందే, చిన్న పాత్రలు ఆమె కూర్చుని కడగాలనీ, పొడుగువి ఎవరివి వాళ్ళు కడుక్కోవాలనీ రాసి సంతకం పెట్టారు. ఏడాదికొకసారి మళ్ళీ చూస్తారట. వచ్చే ఏడాది ఏమవుతుందో తెలియదు. నేను అడిగితే, "వచ్చే ఏటి ఫోను వచ్చే ఏడు ఎత్తుదాం" అంది.

పొడుగు పాత్రలు కడగడం మొదలుపెట్టాకే నాకు అర్థమైంది, అది ఎంత కష్టమో. నిన్న లీటరు కొలజాడీ ఒకటి నా చేతుల్లో పోయింది. ముక్కలు గట్టు మీద పెట్టి నిలబడ్డాను. పిన్ని స్టూలు మీద కూర్చుని, ఎడమ చేత్తో కుడి మణికట్టు అదిమి పట్టుకుని రాసింది. అక్షరాలు మునుపటంత గుండ్రంగా లేవు, కొంచెం వంకర. చీటీ ఇప్పుడు గోడ మీద పెద్దాయన పక్కనే ఉంది:

"హంతకుడు: బాలింత. ఇది పదిహేడో హత్య. ఒక్క కొలతతో ఏమీ తేలదని ఈయనగారే రాశారు. నిజమే. పదిహేడింటితో మాత్రం తేలిపోయింది."